వెనుకకు నడచిన కణము

కుమ్మరి పచ్చిమట్టిని సారె మీద నిలిపి, తాను కోరిన రూపమును దానికి ఇచ్చును. ఆ మట్టి కుండ కావచ్చును, మూకుడు కావచ్చును, ప్రమిద కావచ్చును. కాని ఆవములో కాలిన పిదప కుండ కుండయే, ప్రమిద ప్రమిదయే. కాలిన కుండను మరల పచ్చిమట్టిగా మార్చుట ఎంతటి పనివానికిని సాధ్యము కాదు. జీవకణముల విషయమున శాస్త్రజ్ఞులు చాలకాలము ఇట్లే తలచిరి. తల్లిగర్భమున ఒక్క కణముగా మొదలైన జీవి రెండు, నాలుగు, ఎనిమిది కణములై పెరుగును. క్రమముగా కొన్ని కణములు చర్మమగును, కొన్ని ఎముకయగును, కొన్ని మెదడులోని నాడీకణములగును. ఒకసారి చర్మమైన కణము తిరిగి తన శైశవమును చేరజాలదని వారు నమ్మిరి.

ఆ నమ్మకమును తలక్రిందులు చేసిన ప్రయోగము 2006లో జపానుదేశమున వెలువడినది. ఆ వ్యాసము మీద ఉన్న పేర్లు రెండే. ఒకటి గురువుది, రెండవది శిష్యునిది. గురువు షిన్యా యమనకా. శిష్యుడు కజుతోషి తకహాషి. నోబెల్ బహుమానము గురువును వరించినది. కాని ఆ కణములను మొదట కంటితో చూచినవాడు శిష్యుడు. వారిద్దరి కృషి వెనుక ఒక శాస్త్రప్రశ్నయే గాక ఒక ధర్మసందేహము కూడ కలదు. ఆ సందేహము నేటికిని పూర్తిగా తీరలేదు.

మూలకణమనగా నేమి?

మన శరీరములోని ఎఱ్ఱరక్తకణము సుమారు 120 దినములు మాత్రమే జీవించును. కావున మన ఎముకలలోని మజ్జ ప్రతి క్షణమును క్రొత్త కణములను తయారు చేయుచునే యుండవలెను. పెద్దవారి శరీరమున ఒక్క సెకండునకు ఇంచుమించు 20 లక్షల ఎఱ్ఱకణములు పుట్టుచున్నవి. వీటికన్నిటికిని పుట్టినిల్లు మజ్జలోని కొలదిపాటి కణములు. ఇవి విభజన చెందునప్పుడు రెండు పనులు చేయగలవు: తమవంటి కణములను మరల పుట్టించుకొనగలవు, వేఱొక పనికి నియమింపబడిన కణములనుగూడ పుట్టించగలవు. ఈ రెండు శక్తులును కల కణమునే మూలకణమందురు. 1961లో కెనడాలోని టొరాంటో నగరమున టిల్, మెక్కులాక్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఎలుకలపై ప్రయోగములు చేసి, రక్తమునకు ఇట్టి మూలకణములు కలవని చూపిరి. రక్తపు కాన్సరునకు నేడు చేయుచున్న మజ్జ మార్పిడి ఈ జ్ఞానము మీదనే ఆధారపడియున్నది.

ఐతే మజ్జలోని మూలకణము రక్తమునకు మాత్రమే మూలము. అది నాడీకణము కాజాలదు, గుండెకండరము కాజాలదు. శరీరములోని ఏ కణమైనను కాగల మూలకణము ఒక్కచోట మాత్రమే దొరకును. అది పిండములో. ఫలదీకరణ జరిగిన ఐదారు దినములకు మానవపిండము కంటికి కనబడీ కనబడని బంతివలె ఉండును. దాని లోపల ఒక మూల చిన్న కణముల గుంపు అంటుకొనియుండును. శిశువు యావత్తును ఆ గుంపు నుండియే ఏర్పడును. 1981లో ఎలుకపిండముల నుండి ఇట్టి కణములను వేఱుచేసి గాజుపాత్రలలో పెంచిరి. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జేమ్స్ థామ్సన్ మానవపిండముల నుండి వానిని సాధించెను.

వైద్యులకు ఇది గొప్ప ఆశను కల్పించినది. పార్కిన్సన్ వ్యాధిలో నశించిన మెదడు కణములకు బదులుగా క్రొత్త కణములను, మధుమేహములో ఇన్సులిన్ చేయు కణములను, వెన్నుపాము తెగినవారికి నాడీకణములను పాత్రలో పెంచి ఈయవచ్చునేమో!

ధర్మసందేహము

అయితే ఆ కణములను తీయవలెనన్న పిండమును ఛేదింపవలెను. ఛేదించిన పిండము మరల శిశువు కాజాలదు.

సంతానము లేని దంపతులకు చికిత్స చేయు ఆసుపత్రులలో ఒకసారికి పలు పిండములు ఏర్పడును. వానిలో ఒకటి రెండు మాత్రమే గర్భమున చేర్చుదురు. తక్కినవి శీతలయంత్రములలో నిలువయుండి, కొంతకాలమునకు పారవేయబడును. పారవేయబడునట్టి పిండము రోగికి ఉపకరించినచో తప్పేమి యని కొందఱు వాదించిరి. మానవజీవితము ఫలదీకరణతోనే ప్రారంభమగుచున్నదని నమ్మినవారు, ఒకరిని బ్రదికించుటకై వేఱొకరిని వధించు హక్కు మనకు లేదని వాదించిరి. ఇరుపక్షములవారును దయ గలవారే. ఇరుపక్షములవారును జీవము పక్షముననే నిలిచి మాటలాడిరి. కావుననే ఈ వివాదము అంత కఠినమైనది.

దేశములు తమతమ రీతులలో గీతలు గీసికొన్నవి. 1984లో ఇంగ్లండులో తత్త్వశాస్త్రజ్ఞురాలు మేరీ వార్నాక్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము, మానవపిండమును ప్రయోగశాలలో 14 దినములకు మించి పెంచరాదని సూచించెను. ఆ కాలమునకు పిండములో వెన్ను ఏర్పడబోవు రేఖ కనబడును. అప్పటివరకు అది ఒక్క శిశువు కావచ్చును, చీలి కవలలు కావచ్చును. ఆ నియమమును 1990లో బ్రిటిష్ పార్లమెంటు శాసనము చేసెను; మన దేశముతో సహా పలు దేశములు దానిని అనుసరించినవి. అమెరికాలో 2001 ఆగస్టులో అధ్యక్షుడు బుష్, అదివఱకే సిద్ధమైన కణములపై పరిశోధనకు మాత్రమే ప్రభుత్వధనము లభించునని ప్రకటించెను. 2009లో అధ్యక్షుడు ఒబామా ఆ నిర్బంధమును సడలించెను.

గురువు

షిన్యా యమనకా 1962లో ఒసాకా ప్రాంతమున జన్మించెను. తండ్రికి కుట్టుమిషను భాగములు చేయు చిన్న కర్మాగారము ఉండెడిది. కుమారుడు కోబే విశ్వవిద్యాలయమున వైద్యము చదివి ఎముకల శస్త్రవైద్యుడు కాగోరెను. కాని చేతివాటము తక్కువ. ఇతరులు పది నిముషములలో ముగించు శస్త్రచికిత్సకు ఆయనకు గంట పట్టెడిది. జపానుభాషలో అడ్డంకిని ‘జమ’ యందురు. పై వైద్యులు ఆయన పేరును ‘జమనకా’ యని మార్చి ఎగతాళి చేసిరి. తండ్రి కాలేయవ్యాధితో కన్నుమూసెను. వైద్యుడై యుండియు తండ్రిని రక్షించుకొనలేకపోయిన ఆ కుమారుడు, ఎంతటి నేర్పరి యైన వైద్యుడైనను ఏమియు చేయలేని రోగములు కలవని గుర్తించి, పరిశోధనమార్గము పట్టెను.

అమెరికాలోని సాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఆయన కొంతకాలము పనిచేసెను. అచటి పరిశోధనసంస్థకు అధ్యక్షుడైన రాబర్ట్ మాలీ యువకులకు రెండు సంగతులను బోధించుచుండెడివాడు: ఒకటి, దూరముననున్న లక్ష్యము, రెండు, శ్రమ. శ్రమించుట నాకు తెలియును, లక్ష్యమే తెలియదని యమనకా అప్పుడు గ్రహించెను. జపానునకు తిరిగివచ్చిన పిదప ధనము లేక, తోడు లేక, తన ఎలుకలకు తానే పంజరములు శుభ్రము చేయుచు, పరిశోధనను మానివేయుదునా యను స్థితికి వచ్చెను.

1999 ప్రాంతమున ఆయన ఒక మిత్రుని సంతానచికిత్సాలయమునకు పోగా, మిత్రుడు సూక్ష్మదర్శినిలో ఒక మానవపిండమును చూపెను. యమనకాకు అప్పటికి ఇరువురు కుమార్తెలు. ఈ పిండమునకును తన కుమార్తెలకును ఎంత స్వల్పమైన భేదము కలదని ఆయన మనస్సునకు తోచెను. పిండములను నాశనము చేయుచునే పరిశోధన సాగింపవలసినదేనా, వేఱుమార్గము లేదా యను ప్రశ్న నాటినుండి ఆయనను వెంటాడెను.

ఇచట ఒక సంగతి గమనింపదగినది. యమనకా పిండపరిశోధనను నిషేధింపవలెనని వాదించినవాడు కాడు. రోగిని బ్రదికించుటకు అది యొక్కటియే మార్గమైనచో రోగి ప్రాణమునకే ప్రాధాన్యమీయవలెనని ఆయన అభిప్రాయము. తప్పించుకొనగల మార్గమున్నచో తప్పించుకొనవలెనని ఆయన కోరిక. ఎదుటిపక్షమును దూషింపక, వివాదమునకే అవసరము లేకుండ చేయు మార్గమును వెదకుట ఆయన ఎన్నుకొన్న ధర్మము.

శిష్యుడు

1999 చివర యమనకాకు నారా నగరములోని విజ్ఞానసాంకేతికసంస్థలో చిన్న ప్రయోగశాల లభించెను. పేరు లేని ఆచార్యుని యొద్దకు విద్యార్థులు ఎందుకు వత్తురు? అందుచే ఆయన తన లక్ష్యమును గొప్పగా చాటెను: పిండముతో పనిలేకుండ, పెద్దల శరీరకణము నుండియే పిండమూలకణమువంటి దానిని చేయుదము. ఇది ఎంత కఠినమో ఆయనకు తెలియును. దానిని మాత్రము అప్పుడు గట్టిగా చెప్పలేదు. మూడు పేర్లు వచ్చినవి. వారిలో ఒకడు తకహాషి. అతడు దోషిషా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివినవాడు. జీవశాస్త్రమున ఓనమాలనుండి మొదలుపెట్టవలసినవాడు.

ఇట్టి ఆశకు ఒక పూర్వాధారము ఉండెను. యమనకా పుట్టిన 1962లోనే ఇంగ్లండులో జాన్ గర్డన్ తన ప్రయోగమును ప్రకటించెను. అతడు కప్పగుడ్డులోని కేంద్రకమును నశింపజేసి, తోకకప్ప ప్రేవులలోని కణపు కేంద్రకమును దానిలో చేర్చెను. అట్టి గుడ్లలో కొన్ని తోకకప్పలుగా ఎదిగినవి. అనగా ప్రేవులకణమైనను తన బాల్యపు పాఠమును మఱచిపోలేదు. పుస్తకము మూసియున్నదే గాని చినుగలేదు. ఈ గర్డన్ ఈటన్ పాఠశాలలో చదువునప్పుడు జీవశాస్త్రమున 250 మందిలో కట్టకడపటివాడు. ఇతడు శాస్త్రజ్ఞుడగుట వట్టి కల్ల యని ఉపాధ్యాయుడు 1949లో నివేదిక వ్రాసెను. గర్డన్ ఆ కాగితమునకు చట్రము కట్టించి తన బల్లకడ ఉంచుకొనెను. ఉపాధ్యాయుల కలము ఎంత దూరము పోవునో ఎఱుగుటకు అది మంచి నిదర్శనము.

తకహాషి ప్రారంభమున చేసిన పనులు మెల్లగా సాగినవి. ప్రయోగశాలలోని తోటివిద్యార్థిని యోషిమి తొకుజావా ఒక జన్యువును కనిపెట్టెను. అది పిండమూలకణములలో మేల్కొనియుండును, చర్మకణములలో నిద్రించును. అది లేని ఎలుకలు ఏమగునో చూడగోరి అట్టి ఎలుకలను పుట్టించిరి. అవి ఏ లోపమును లేక సుఖముగా పెరిగినవి. వైజ్ఞానికదృష్టితో ఇది నిరాశయే. కాని ఆ ఎలుకలలో ఆ జన్యువు స్థానమున ఒక క్రొత్త జన్యువును పెట్టియుంచిరి. ఆ స్థానము మేల్కొనియున్న కణము ఒక విషమందును తట్టుకొని బ్రదుకును. నిద్రించుచున్న కణము ఆ మందుచేత చచ్చును. ఫలించలేదనుకొన్న ఆ ఎలుకయే కొన్నియేండ్లకు పరీక్షకు గీటురాయి యైనది. ఆ ఎలుకనుండి తీసిన మామూలు కణము విషములో బ్రదికినచో, అది శైశవమును చేరినదనుటకు మొదటి గుర్తు దొరకినట్లే.

24 జన్యువులు

పిండమూలకణమును పిండమూలకణముగా నిలుపుచున్న జన్యువులు ఏవో, వానినే చర్మకణములో ప్రవేశపెట్టినచో అది వెనుకకు నడచునేమో యని యమనకా ఊహ. పలుచోట్ల లభించిన జ్ఞానమును, తమ ప్రయోగముల ఫలితములను జల్లించి వారు 24 జన్యువుల జాబితా వ్రాసికొనిరి. 2004లో ప్రయోగశాల క్యోటో విశ్వవిద్యాలయమునకు మారినది. పరీక్షింపవలసిన భారమును గురువు తకహాషికి అప్పగించెను. ఓడిపోవు అవకాశమే ఎక్కువ యని ఇరువురకును తెలియును. ఒకవేళ ఇది విఫలమై నీకు ఉద్యోగము దొరకనిచో, నేను వైద్యుడనే కదా, చిన్న ఆసుపత్రి తెరచి నిన్ను అందులో గుమాస్తాగా పెట్టుకొందునని గురువు నవ్వుచు ధైర్యము చెప్పెనట.

జన్యువులను మోసికొనిపోవుటకు వారు వైరస్‌లను వాహనములుగా వాడిరి. ఒక్కొక్క జన్యువును విడివిడిగా ప్రవేశపెట్టి చూచిరి. ఒక్కటియు ఫలింపలేదు. రెండేసి కలిపినచో 276 జతలు. మూడేసి కలిపినచో 2,024. నాలుగేసి కలిపినచో 10,626. ఎన్నింటిని కలుపవలెనో ముందుగా తెలియదు కావున, అన్ని విధములైన కూర్పులను లెక్కించినచో సంఖ్య ఒక కోటి 67 లక్షలు దాటును. బడిలో చదువుకొన్న గణితము ఇచట కొండయై ఎదుట నిలిచినది.

అప్పుడు తకహాషి, ముందు 24 జన్యువులను ఒక్కసారి కలిపి వేసి చూతమని చెప్పెను. జీవశాస్త్రములో తలపండినవారు ఇట్టి పనికి సంకోచింతురు. ఒక్క జన్యువును సరిగా ప్రవేశపెట్టుటయే కష్టము, ఇన్నింటిని కలగాపులగము చేసినచో ఏమి తెలియును? కాని అతడు చేసెను. విషమందులో తక్కిన కణములెల్ల చావగా, కొన్ని చిన్న గుంపులు బ్రదికి పెరిగినవి. అవి పిండమూలకణముల వలెనే కనబడినవి.

గురువు సంతోషింపవలసిన ఆ క్షణమున సందేహించెను. పాత్రలో ఎక్కడినుండియో నిజమైన పిండమూలకణములు కలిసియుండవచ్చును, మరల చేయుమనెను. తకహాషి మరల చేసెను. అదే ఫలితము. ఇంక 24లో అవసరమైనవి ఏవి? శిష్యుడు మరల సులువైన దారి చూపెను: ఒక్కొక్కటి చేర్చుటకు మాఱుగా ఒక్కొక్కటి తీసివేయుదము. 24 పాత్రలు, ప్రతి పాత్రలోను 23 జన్యువులు. ఏది లేనప్పుడు కణములు బ్రదుకవో అదియే అవసరమైనది. కోటి కూర్పుల కొండ 24 ప్రయోగముల మెట్లైనది. మొదట 10 జన్యువులు తేలినవి. ఆ పదింటిని మరల అట్లే జల్లింపగా నాలుగు మిగిలినవి. వాని పేర్లు ఆక్ట్ 3/4, సాక్స్ 2, కెఎల్ఎఫ్ 4, సి-మిక్. యంత్రము చెడినప్పుడు ఒక్కొక్క భాగమును తీసి చూచు ఇంజనీరు బుద్ధియే జీవశాస్త్రమునకు ద్వారము తెరచినది.

సత్యపరీక్ష

సరిగా ఆ కాలముననే పొరుగుదేశమున ఒక ఉపద్రవము జరిగినది. దక్షిణ కొరియాలో హ్వాంగ్ వూ-సుక్ అను శాస్త్రజ్ఞుడు, మానవుల అండములలో కేంద్రకములను మార్చి మూలకణములను సాధించితినని 2004లోను, 11 మూలకణశ్రేణులను సృష్టించితినని 2005లోను ప్రకటించెను. దేశము ఆయనను వీరునిగా కొనియాడెను. ఆయన పేర తపాలాబిళ్ళ గూడ వెలువడెను. 2005 చివర నిజము బయటపడినది. ప్రయోగశాలలోని యువపరిశోధకురాండ్ర నుండి అండములు గ్రహించిన సంగతి తేలినది. పై అధికారి అడిగినప్పుడు కాదనగల స్వేచ్ఛ చిన్న ఉద్యోగినికి ఎంత ఉండును? 2006 జనవరిలో సియోల్ జాతీయ విశ్వవిద్యాలయపు విచారణసంఘము, చెప్పబడిన మూలకణములు ఒక్కటియు లేవని నిర్ణయించెను. వ్యాసములు రద్దైనవి. వెన్నుపాము విఱిగి చక్రముల కుర్చీలో కూర్చొని ఆయన మాటను నమ్మినవారి ఆశయు వానితోబాటే రద్దైనది.

ఇట్టి సమయమున, నాలుగు జన్యువులతో కణము వెనుకకు నడచినదని చెప్పినచో లోకము నమ్మునా? యమనకా ప్రచురణకు తొందరపడలేదు. పలుమాఱులు ప్రయోగము చేయించి, ఫలితమును నిలకడగా చూచిన పిమ్మటనే బయటపెట్టెను. క్రొత్త కణములను ఎలుకల చర్మము క్రింద ఉంచగా, వానినుండి నాడి, కండరము, ప్రేవు మొదలగు వివిధ ధాతువులు ఏర్పడినవి. 2006 ఆగస్టులో వ్యాసము వెలువడినది. ఇతర ప్రయోగశాలలవారు అదే విధానమును అనుసరించి అదే ఫలితమును పొందిరి. చెప్పిన శాస్త్రజ్ఞుడు ఎంత గొప్పవాడని గాక, చెప్పినట్లు మరొకడు చేసినచో అగునా యనియే విజ్ఞానము అడుగును. హ్వాంగ్ ఆ ప్రశ్నకు నిలువలేదు; తకహాషి నిలిచెను.

2007 నవంబరు 20న యమనకా బృందము మానవచర్మకణముల నుండి అట్టి మూలకణములను చేసినట్లు ప్రకటించెను. అదే దినమున, మానవపిండమూలకణములను మొదట తీసిన థామ్సన్ బృందము గూడ అదే ఫలితమును ప్రకటించుట విశేషము. 2012లో గర్డన్, యమనకాలకు నోబెల్ బహుమానము లభించినది. బహుమానోపన్యాసమున యమనకా తన విద్యార్థులను పేరుపేరున స్మరించెను.

క్రొత్త కణము, క్రొత్త ప్రశ్నలు

పిండము అవసరము తప్పినది గదా, ధర్మసందేహము తీరినదా? కొంతవఱకే.

నాలుగు జన్యువులలో ఒకటైన సి-మిక్ కాన్సరుతో సంబంధము కలది. 2007లో ఈ బృందమే, క్రొత్త కణములనుండి వచ్చిన ఎలుకసంతతిలో ఇంచుమించు నూటికి ఇరువదింటికి కంతులు పుట్టినవని వ్రాసెను. కనిపెట్టినవారే తమ కనిపెట్టినదానిలోని దోషమును మొదట లోకమునకు చెప్పిరి. ఆ పిదప ఆ జన్యువు లేకుండ, జన్యుక్రమములో చొరబడు వైరస్ లేకుండ కణములను చేయు మార్గములు వెదకిరి.

2014 సెప్టెంబరులో కోబే నగరమున, కంటిచూపు క్షీణించుచున్న 70 యేండ్లు దాటిన ఒక వృద్ధురాలికి, ఆమె చర్మమునుండియే చేసిన కణముల పొరను కంటిలో అమర్చిరి. లోకములో ఇట్టి చికిత్స పొందిన మొదటి వ్యక్తి ఆమె. రెండవ రోగికిగూడ కణములు సిద్ధమైనవి. కాని పరీక్షలో వాని జన్యువులలో కొన్ని మార్పులు కనబడగా, పరిశోధకురాలు మసయో తకహాషి, ఆమె సహచరులు ఆ చికిత్సను నిలిపివేసిరి. ఆ మార్పులు హానిచేయునని రుజువు లేదు. హానిచేయవని రుజువును లేదు. ఎదురుచూచుచున్న రోగికి ‘ఇంకను సిద్ధము కాలేదు’ అని చెప్పుటకు కావలసిన ధైర్యము, సూది గ్రుచ్చుటకు కావలసినదానికంటె ఎక్కువ.

క్యోటోలో 2018లో పార్కిన్సన్ రోగులపై ప్రయోగచికిత్స ప్రారంభమైనది. ఏడుగురి మెదడులో ఇట్టి కణములు చేర్చిరి. రెండేండ్లు గమనించిన ఫలితములు 2025లో వెలువడినవి. తీవ్రమైన కీడు కలుగలేదు. పరిశీలించిన ఆరుగురిలో నలుగురికి, మందు ప్రభావము లేని సమయమున చలనము కొంత మెరుగైనది. ఇది ఆశకు చాలును, విజయఘోషకు చాలదు.

మరియొకవైపు ప్రశ్నలు మొదటికే వచ్చుచున్నవి. 2012లో జపాను శాస్త్రజ్ఞులు ఎలుక మూలకణముల నుండి అండములను చేసి, వానినుండి పిల్లలను పుట్టించిరి. 2023లో రెండు మగ ఎలుకల కణములనుండి పిల్లలు పుట్టినవి. మనుష్యులలో ఇది ఇంకను జరుగలేదు. జరిగిననాడు, చర్మకణము మీద మనకు గల హక్కు ఎంత? రాలిపోయిన వెండ్రుకకు, పుట్టబోవు బిడ్డకు మధ్య గీత ఎచట? పిండమును తప్పించుకొన్న దారి, మలుపు తిరిగి పిండము ముందే వచ్చి నిలిచినట్లున్నది.

హైదరాబాదులో

ఈ విజ్ఞానమునకు తెలుగునేలతోను సంబంధము కలదు. కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను నిత్యము నూతనముగా ఉంచు మూలకణములు నల్లగుడ్డు అంచున ఉన్నవి. తాంబూలపు సున్నపు పొట్లము పగిలి కంటబడినను, కర్మాగారములో ఆమ్లము చిందినను ఆ అంచు కాలిపోవును. కన్ను తెల్లబారి చూపు పోవును. మన దేశమున సున్నముచేత కన్ను పోగొట్టుకొనువారిలో పసిపిల్లలు పలువురు.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రసంస్థలో 2001 నుండి, రోగి యొక్క బాగుగానున్న రెండవ కంటి అంచునుండి కణములను తీసి, ప్రయోగశాలలో పెంచి, కాలిన కంటికి అమర్చు చికిత్స సాగినది. డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి మొదలగువారు ఆ కృషిలో ముఖ్యులు. 2012లో సాంగ్వాన్ బృందము మరింత సులువైన పద్ధతిని ప్రకటించెను. మంచికంటి అంచునుండి రెండు మిల్లీమీటర్ల చిన్నముక్కను తీసి, దానిని మరల చిన్నతునుకలుగా కోసి, కాలిన కంటిపై పరచిన ఉమ్మనీటిసంచి పొరమీద అతికింతురు. కన్నే ప్రయోగశాల యగును, ఖర్చు తగ్గును. ఇచట పిండము లేదు, పరాయివారి కణము లేదు, ఛేదింపబడిన ప్రాణము లేదు. మూలకణములందు గూడ జాతులు వేఱు, ధర్మములు వేఱు అని విద్యార్థి తెలిసికొనుటకు ఇంతకంటె సమీపమైన ఉదాహరణము లేదు.

ఐతే మంచి పేరుకు నకిలీ త్వరగా పుట్టును. మూలకణములతో సర్వరోగములు నయమగునని ప్రకటనలు చేసి, బిడ్డ నడువడని, మాటలాడడని కుములుచున్న తల్లిదండ్రులనుండి లక్షలు గ్రహించువారు పెక్కుదేశములలో ఉన్నారు. భారత వైద్యపరిశోధనమండలి 2007లో నియమములు వ్రాసెను. 2013లో వానిని సవరించునప్పుడు శీర్షికనుండి ‘చికిత్స’ యను పదమునే తొలగించి ‘పరిశోధన’ యను పదమును మాత్రము ఉంచెను. రక్తవ్యాధులకు చేయు మజ్జమూలకణముల మార్పిడివంటి స్థిరపడిన చికిత్సలు తప్ప, తక్కినదంతయు ఆమోదము పొందిన ప్రయోగముగానే జరుగవలెనని దాని భావము. ప్రయోగమైనచో రోగికి అన్నియు విప్పిచెప్పి సమ్మతి పొందవలెను.

మఱియొక నకిలీ మన గర్వమునుండి పుట్టును. గాంధారి గర్భమునుండి పడిన మాంసపిండమును వ్యాసుడు నూటయొక్క భాగములు చేసి నేతికుండలలో పెంపించిన కథ భారతమున కలదు. 2019 జనవరిలో జలంధరున జరిగిన భారత సైన్సు కాంగ్రెసులో, ఇది మూలకణవిజ్ఞానమే యని ఒక వక్త చెప్పగా శాస్త్రజ్ఞులు తీవ్రముగా అభ్యంతరపెట్టిరి. కావ్యము ఊహకు రెక్కలిచ్చును. దానికి మనము కృతజ్ఞులము. కాని 24 పాత్రలలో ఒక్కొక్క జన్యువును తీసి చూచిన రాత్రులను కావ్యము మనకై చేసిపెట్టదు.

తరగతిగదిలో

ఈ విషయమును బోధించు ఉపాధ్యాయుడు ధర్మాధర్మనిర్ణయమును తానే చేసి పిల్లల చేతిలో పెట్టనక్కరలేదు. వార్తాపత్రికలో మూలకణముల ప్రస్తావన కనబడినపుడెల్ల నాలుగు ప్రశ్నలను అడుగుట నేర్పిన చాలును. ఆ కణము ఎచటినుండి తీయబడినది? ఇచ్చినవారి సమ్మతి స్వేచ్ఛగా లభించినదా? ఇది చికిత్సయా, ప్రయోగమా? ఒకరు చేసినదానిని మఱొకరు చేసి చూచిరా? మొదటి రెండు ధర్మప్రశ్నలవలెను, చివరి రెండు శాస్త్రప్రశ్నలవలెను తోచును. కాని కొరియాలో నాలుగును ఒక్కసారే ఓడినవి. క్యోటోలో నాలుగును ఒక్కసారే గెలిచినవి.

కాలిన కుండ పచ్చిమట్టి కాజాలదన్న మాట కుమ్మరి విషయమున నేటికిని సత్యమే. కణము విషయమున అది సత్యము కాదని చూపినవాడు, జీవశాస్త్రము తెలియక ప్రయోగశాలలో అడుగుపెట్టిన ఒక యువకుడు. అతనికి అవకాశమిచ్చినవాడు, శస్త్రవైద్యమున ఓడిపోయిన ఒక గురువు. వారికి దారి చూపినవాడు, తరగతిలో కట్టకడపట నిలిచిన మఱొక విద్యార్థి. రేపు ఉదయము బడిలో హాజరు పిలుచునపుడు, చివరి బల్లమీద కూర్చున్న పిల్లవాని పేరును ఉపాధ్యాయుడు కొంచెము నిదానముగా చదివినను తప్పులేదు.